ఏడుంబావు

సోమవారంతో నా సెలవు అయిపోతుంది.
గురువారం పొద్దున ఎనిమిదికి
రామ్మూర్తినగర్లో మా మూడో అంతస్తు గుమ్మం ముందు
చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోడానికి
నీళ్లెక్కడని అడిగింది అశ్వత్థమ్మ.
మూడు రోజులు చూద్దాం అనుకున్నాం.

చింతామణి పక్క పల్లె. తెలుగే.
నా తెలుగు కాదు.
"ఏడస్తా ఉండాది, ఏమీ లేదు మా, సుమ్నే" అంటుంది.
సుమ్నే అంటే ఊరికే.
నా బిడ్డ ఊరికే ఏడుస్తుందా?

మొదటి అనుమానం ఆమె గోళ్లు.
రెండోది, తన్మయి అని రెండుసార్లు చెప్పినా
చిట్టెమ్మా అని పిలవడం.
మిగతావి చెప్పుకోడానికి సిగ్గు.

శశిధర్ ఫ్రిజ్ మీద, బియ్యప్పిండి డబ్బా వెనక
కెమెరా పెట్టాడు.
నేను కూరగాయలకని చెప్పి దిగి
కింద అయ్యంగార్ బేకరీలో కూర్చున్నాను,
ఒక చేతిలో ఖారా బన్ను, ఒక చేతిలో నా ఇల్లు.

బ్లడ్ బ్యాంకులో నా ఉద్యోగం.
ఇచ్చేవాళ్లదొక చుక్క, పుచ్చుకునేవాళ్లదొక చుక్క
గాజు పలక మీద కలిపి, అటూ ఇటూ వంచి చూస్తాను.
ఇసకలా గడ్డ కడితే వద్దు.
నున్నగా జారితే సరే, సంతకం.
ఎవరి ప్రాణాలో ఆ సంతకం మీదుగా నడిచి వెళ్లాయి,
ఏనాడూ చెయ్యి వణకలేదు.
ఈమె మీద ఏ చుక్క వెయ్యను?

ఫోన్లో తన్మయి బోర్లా పడుంది.
జానెడు దూరంలో స్టీలు చెంచా.
మూలుగుతోంది, కాళ్లు కొట్టుకుంటోంది.
అశ్వత్థమ్మ గోడకానుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని
చూస్తోంది.
పదకొండు నిమిషాలు.
ఎత్తుకో, ఎత్తుకో అని నేను లేచి నిలబడ్డాను,
బేకరీ అబ్బాయి నన్నే అడుగుతున్నాననుకున్నాడు.

చెంచా దొరికింది.
ఆమె చప్పట్లు కొట్టలేదు.
నేల మీది చొంగ తుడిచింది, అంతే.

అది ఓపికా? బద్ధకమా?
పక్కనించి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.
ఫ్రిజ్ మీంచి చూస్తే మరీ.

శనివారం సాయంత్రం అడిగేశాను,
పోయిన ఇంట్లో ఎందుకు మానేశావని.
ఉగ్గుగిన్నె కడిగి బోర్లించేదాకా మాట్లాడలేదు.
"ఆయమ్మ ఆరుకి వస్తా అనేది. ఎనిమిదయ్యేది.
నేను బిడ్డికి ఆరనే చెప్తా ఉంటి.
బిడ్డి వాకిలి తట్టే చూస్తా కూచునేది.
అబద్దం ఆయమ్మది, నోరు నాది.
నువ్వు ఎన్నింటికి వస్తావు మా? నిజం చెప్పు."

ఆరున్నర అనబోయాను.
టిన్ ఫ్యాక్టరీ దగ్గర కదలని బస్సు,
షిఫ్టు దిగే వేళకే వచ్చే అర్జెంటు శాంపిలు,
లిఫ్టుకి అంటించిన 'రిపేరు' కాగితం
నాలిక్కి అడ్డం పడ్డాయి.
ఏడుంబావు, అన్నాను.
ఆ అంకె శశిధర్‌కి కూడా చెప్పలేదు ఇంతవరకు.

ఆమె వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.
"రేపు ఆలోచించుకుని చెప్తా."

పలక మీద ఉండేది రెండు చుక్కలని
తొమ్మిదేళ్లు ఆ పనే చేసి
ఎట్లా మర్చిపోయాను?

చెప్పులేసుకుంటుంటే ఆపుకోలేక అనేశాను,
ఫ్రిజ్ మీద కెమెరా ఉందని.
"తెలుసు మా.
నిన్న దాని దుమ్ము తుడిచింది నేనే గదా."

ఆదివారం పొద్దంతా వాన.
ఫోన్ ఎక్కడ పెట్టినా అక్కడే నేను.
అయిదింటికి మోగింది. ఒక్క మాట:
"వస్తా."

గొడుగేసుకుని సందు చివర తాళాల కొట్టుకి వెళ్లాను.
అతను పాత చెవిని, కొత్త రేకుని పక్కపక్కన బిగించి
రాపిడి పెట్టాడు.
పొడి ఎగిరింది. ఊది, చేతిలో పెట్టాడు.
ఇంకా వెచ్చగా ఉంది.
"తిరక్కపోతే తీసుకురండి, మళ్లీ రుద్దిస్తా" అన్నాడు.

మెట్లెక్కి వచ్చి తలుపు ముందు నిలబడ్డాను.
లోపల ఎవరో చెంచా నేలకేసి కొడుతున్నారు.